మధ్యధరా తీరమున మెగ్రే: అపరాధ పరిశోధక నవలలో దేశౌచిత్యము

అపరాధ పరిశోధక నవలను సాహిత్య విమర్శకులు చాలకాలము పంక్తిబాహ్యముగనే చూచినారు. అది కాలక్షేపమునకు చదువదగినదే కాని విచారింపదగినది కాదని వారి తలంపు. ఈ తలంపునకు కారణము లేకపోలేదు. హంతకుడెవడో తెలియువరకే ఈ నవలకు ప్రాణమనియు, తెలిసిన పిమ్మట దానిని మరల తెఱచువారుండరనియు వారి వాదము. రెండవమారు చదువుటకు నిలువని గ్రంథము కావ్యపదవి కర్హము కాదనుటలో మాకును విప్రతిపత్తి లేదు. అయితే హంతకుడెవడో తెలిసిన పిదపనే యథార్థముగ చదువ నారంభింపదగిన అపరాధ పరిశోధక నవలలు కొన్ని కలవు. అట్టివానిలో రెంటిని పరిశీలించుట ఈ వ్యాసమునకుద్దేశము. రెండును ఫ్రెంచి భాషలో వెలువడినవి. రెంటను నాయకుడు పారిస్ పోలీసు అధికారి మెగ్రే. రెంటను కథాస్థలము పారిస్ కాక, ఎండ కాయు మధ్యధరా సముద్రతీరము. మొదటిది 1932లో ప్రకటితమైన ‘లిబర్టీ బార్’. రెండవది 1949లో ప్రకటితమైన ‘మొనామీ మెగ్రే’, అనగా ‘నా మిత్రుడు మెగ్రే’.

మేము ప్రధానముగ విచారింపదలచిన ప్రశ్న ఒక్కటి. ఈ నవలలలో సముద్రమును, ఎండయు కథకు అలంకారమాత్రములా, లేక కథలో తమదైన పనిని నిర్వహించుచున్నవా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా, అది మెగ్రే ధర్మబుద్ధిని గూర్చిన మఱియొక ప్రశ్నకు దారితీయుటను పాఠకులు గమనింతురు.

ముందుగా ఫ్రెంచి అపరాధ పరిశోధకుని వంశక్రమమును సంగ్రహముగ చెప్పుట అవసరము. ఈ పాత్రకు మూలపురుషుడనదగిన డ్యూపాన్ పారిస్ నగరవాసియే కాని, అతనిని సృష్టించినవాడు ఫ్రెంచివాడు కాడు. అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో. ఆ మొదటి కథ వెలువడిన సంవత్సరము 1841. ఫ్రెంచి రచయిత ఎమీల్ గబోరియో 1866లో గ్రంథరూపమున ప్రకటించిన నవలతో లెకోక్ అను పోలీసు ఉద్యోగి సాహిత్యరంగమున ప్రవేశించెను. మెగ్రేను సృష్టించిన జార్జి సిమెనాన్ బెల్జియము దేశీయుడు. అతడు 1903లో లియేజ్ నగరమున జన్మించి, 1989లో స్విట్జర్లాండు దేశమందలి లోజాన్‌లో మరణించెను. 1931 మొదలు 1972 వరకు అతడు మెగ్రేను నాయకునిగ చేసి 75 నవలలు ప్రకటించెను. కథలు 28 వేరుగ కలవు.

ఈ వంశక్రమమున మన ప్రకృత విషయమునకు పనికివచ్చు అంశమొకటి కలదు. పో కథలోని డ్యూపాన్ తెల్లవారగనే కిటికీ తలుపులు మూయించి, కొవ్వొత్తులు వెలిగించుకొని, చీకటిపడిన పిమ్మట కాని వీధిలోనికి రాడు. పగటి వెలుగు అతని బుద్ధికి ప్రతికూలము. అపరాధ పరిశోధకుడు పుట్టుకతోనే చీకటికి చెలికాడు. అట్టివానిని ఏ మఱుగును లేని సముద్రతీరపు ఎండలో నిలిపినచో ఏమగును? సిమెనాన్ ఈ ప్రశ్నను సిద్ధాంతముగ వేసికొనకపోవచ్చును. కాని అతని రెండు నవలలును దీనికే సమాధానములుగ కనబడుచున్నవి.

మన ఆలంకారికుల దృష్టితో ఈ విషయమును పరికింపవచ్చును. ప్రబంధమునకు చెప్పబడిన అష్టాదశ వర్ణనలలో సముద్రమును, సూర్యోదయమును ఉన్నవి. ఇవి రసమునకు ఉద్దీపన విభావములు. నాయికానాయకులు ఆలంబనము కాగా, వెన్నెలయు, తోటయు, సముద్రమును వారి భావమును ప్రజ్వలింపజేయును. క్షేమేంద్రుడు ఔచిత్యభేదములను చెప్పుచు దేశౌచిత్యమును కూడ పేర్కొనెను. ఏ దేశమున కథ జరుగుచున్నదో ఆ దేశమునకు తగిన వర్ణన యుండవలెననుట సామాన్యార్థము. ఈ రెండు భావనలును దేశము పాత్రలకు అనుకూలముగ వర్తించుననియే తలపింపజేయును. పాత్రకు ఎదురునిలిచి వాదించు దేశమొకటి ఉండవచ్చునా? మెగ్రే నవలలలోని తీరము అట్టిదని మా అభిప్రాయము.

దీనిని నిరూపించుటకు మెగ్రే పద్ధతిని కొంత వివరింపవలెను. అతడు భూతద్దముతో నేలను వెదకువాడు కాడు. బూడిదను బట్టి చుట్టజాతిని నిర్ణయించువాడును కాడు. ఆలియే మండలమందలి సెంఫియాక్ర్ అను గ్రామమున, జమీందారీ కోటలో వ్యవహారకర్తగ పనిచేసినవాని కుమారుడు. పల్లెటూరివాని నెమ్మదియు, దేహభారమును అతనిని పారిస్‌లోను విడువలేదు. హత్య జరిగినచోటికి పోయి అచట కూర్చుండును. మృతుడు భుజించిన బల్లకడ భుజించును. మృతుడు తిరిగిన మద్యశాలలో త్రాగును. పొగగొట్టము వెలిగించి వేచియుండును. ఆ మనుష్యుల జీవితము తన ఒంటికి పట్టువరకు కదలడు. హత్య ఎట్లు జరిగినదను ప్రశ్నకంటె, ఈ మనుష్యుడు ఏ స్థితిలో హత్య చేయగలిగెనను ప్రశ్న అతనికి ముఖ్యము. ఈ పద్ధతికి పారిస్‌లోని వానయు, పొగమంచును, కచేరీ గదిలోని బొగ్గుపొయ్యియు మిక్కిలి అనుకూలములు. వానలో మనుష్యులు ఇండ్లలోనికి చేరుదురు, ఇండ్లలో రహస్యములుండును, మెగ్రే ఆ ఇండ్లలోనికి పోవును.

‘లిబర్టీ బార్’ ఆరంభమున ఈ అనుకూలత యంతయు తొలగిపోవుచున్నది. ఆంటీబ్ రైలుస్టేషనులో దిగిన మెగ్రేకు కనబడునది విహారస్థలము, హత్యాస్థలము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ తీరము ప్రధానముగ శీతకాలమున ఇంగ్లీషు ధనికులు వచ్చి నివసించుచోటు. 1920 దశకమున వేసవియందును విహారమునకు వచ్చుట ఆచారమయ్యెను. ఫ్రాన్సులో కార్మికులకు వేతనముతో కూడిన సెలవులు చట్టమూలమున లభించినది 1936లో. కనుక 1932 నాటి నవలలోని ఎండ ఇంకను చాలవరకు డబ్బుగలవారి సొత్తు. ఆ వెలుగులో ఉద్యోగము చేయుటకు వచ్చినవాడు మెగ్రే.

హతుడు విలియమ్ బ్రౌన్. ఆస్ట్రేలియాలో ఉన్ని వ్యాపారముచేత ధనము గడించిన కుటుంబమువాడు. కుటుంబమును విడిచి, వారు పంపు నెలసరి భత్యముతో కాప్ డాంటీబ్‌లోని భవనములో ఒక స్త్రీతోను, ఆమె తల్లితోను నివసించుచుండెను. అతడు కత్తిపోటు తిని మరణింపగా ఆ స్త్రీలిరువురును శవమును తోటలో పాతి, పారిపోవుటకు యత్నించి పట్టుబడిరి. శవము దొరికినది ఎండ కాయు భవనపు తోటలో. అనుమానము పడినది ఆ భవనమందలి స్త్రీలపై. వెలుగు చూపినదంతయు ఇదియే, ఈ చూపినదంతయు అసత్యమే. బ్రౌన్ నెలకొకసారి మాయమై, కొన్నిదినములు కాన్ పట్టణమందలి ఒక చిన్న వీధిలోని లిబర్టీ బారులో గడపెడివాడు. జాజా అను స్థూలకాయ ఆ బారునకు యజమానురాలు. సిల్వీ అను యువతి ఆమెను ఆశ్రయించుకొని యుండెను. వచ్చిపోవువారు స్వల్పము, వెలుగు అంతకంటె స్వల్పము. కత్తిపోటు పడినది ఆ చీకటిగదిలో. గాయపడిన బ్రౌన్ తానే కారు నడుపుకొని భవనమునకు వచ్చి మరణించెను.

కథాసంవిధానమును ఇచట జాగ్రత్తగ గమనింపవలెను. నేరము చీకటిలో జరిగినది, శవము ఎండలోనికి నడచివచ్చినది. మెగ్రే చేసిన పరిశోధన యంతయు శవము వచ్చిన దారిని వెనుకకు నడచుటయే. భవనమునుండి బారునకు, బారునుండి వెనుకగదికి అతడు పోవును. జాజా వండిన భోజనమును ఆ గదిలోనే భుజించును. మృతునికిని తనకును ఏదో పోలిక కలదను స్పృహ అతనిని వెన్నాడును. పని, గౌరవము, కుటుంబము అనువానిని వదలివేసి ఆ గదిలో అట్లే కూర్చుండిపోవుట ఎంత సులభమో మెగ్రే తన దేహముతోనే తెలిసికొనును. ఈ తెలివి వలననే అతనికి హంతకురాలు తెలియుచున్నది. బ్రౌన్ సిల్వీవైపు మరలుటను సహింపలేక జాజా అతనిని పొడిచెను. వయసు మళ్లిన ఆ స్త్రీకి మిగిలిన ఆ ఒక్క బంధమును సిల్వీ యౌవనము హరించినది. జాజా వ్యాధిగ్రస్త, మరణము సమీపించినది. మెగ్రే ఆమెను నిర్బంధింపడు.

ఇక రెండవ నవల. 1945 మొదలు 1955 వరకు సిమెనాన్ ఉత్తర అమెరికాలో నివసించెను. ‘మొనామీ మెగ్రే’ ఆ కాలమునకు చెందినది. పోర్కెరోల్ ద్వీపమును అతడు స్వయముగ ఎఱుగును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము అచట నివసించియుండెను. ద్వీపము యేర్ పట్టణమునకెదురుగ నున్నది. ఇచట హతుడు మార్సెలాన్ అను అల్పనేరస్థుడు. మెగ్రే పూర్వమతనిని నిర్బంధించినవాడే. అయినను, మార్సెలాన్ చెలికత్తె జినెత్ క్షయరోగముతో బాధపడుచుండగా, ఆమెను చికిత్సాలయమునకు పంపించినవాడును మెగ్రేయే. ఆ కృతజ్ఞతతో మార్సెలాన్ ఒక రాత్రి ద్వీపమందలి సత్రములో, మెగ్రే తన మిత్రుడని అందఱియెదుట చెప్పుకొని, అతడు వ్రాసిన ఉత్తరమును చూపెను. ఆ రాత్రియే హతుడయ్యెను. ఆ సమయమున స్కాట్లండ్ యార్డు ఉద్యోగి పైక్ మెగ్రే పద్ధతులను నేర్చుకొనుటకు పారిస్ వచ్చియుండెను. మెగ్రే అతనిని వెంటబెట్టుకొని ద్వీపమునకు పోవలసివచ్చెను.

పైక్ పాత్రను హాస్యమునకై కల్పించినట్లు పైకి తోచును. మెగ్రే పద్ధతిని చూడవచ్చినవానికి, చూపుటకు పద్ధతియనునది లేదని తెలిసిన మెగ్రే పడు ఇబ్బంది హాస్యజనకమే. కాని ఈ పాత్రకు గంభీర ప్రయోజనము కలదు. మొదటి నవలలో మెగ్రే చీకటిగదిలో ఏకాంతముగ ఉండెను. రెండవదానిలో అతనికి మఱుగు లేదు. నెత్తిపై ఎండ, ప్రక్కను పైక్. పైక్ మాత్రము ఉదయమున సముద్రస్నానము చేయుచు సుఖముగ నుండును. ద్వీపమునకు వచ్చినవారిని పట్టుకొను అలసత్వమును అచటివారు వ్యాధివలె చెప్పుకొందురు. పూర్వచరిత్ర అడుగువారు లేరు. నిన్న ఏమి చేసితివని ప్రశ్నించువారు లేరు. ఇంగ్లండునుండి వచ్చిన ధనికురాలు, ఆమెను కనిపెట్టుకొనియున్న కార్యదర్శి, హాలండునుండి వచ్చిన యువచిత్రకారుడు అందఱును ఆ యెండలో ఒకటియే.

ఇచట ఎండ చేయు పని స్పష్టమగుచున్నది. తీరము అందఱను క్షమించును. ఆ క్షమకు మూలము దయ కాదు, ఉపేక్ష. యోగశాస్త్రమున చెప్పబడిన యోగుల ఉపేక్షను మేము ఉద్దేశించుట లేదు. ఎదుటివాడెట్లున్నను నాకేమి యను లోకవ్యవహారములోని ఉపేక్షనే ఉద్దేశించుచున్నాము. మెగ్రే చూపునది కరుణ. కరుణయు, ఉపేక్షయు పైకి ఒకేవిధముగ కనబడును, రెండును దండింపవు. కాని ఉపేక్ష ఎదుటివానిని తెలిసికొనకయే విడిచిపెట్టును. కరుణ పూర్తిగ తెలిసికొనిన పిమ్మట విడిచిపెట్టును. మెగ్రేకు సముద్రతీరము ప్రతివాదిగ నిలుచుట ఈ అర్థముననే. అది అతని సద్గుణమునకు నకలును ఊరకయే అందఱకును పంచిపెట్టుచున్నది.

నకలు అను మాటను మేము కావలెననియే వాడితిమి. ‘మొనామీ మెగ్రే’లోని నేరమునకు మూలము నకలు చిత్రములు. చిత్రకారుడు ద గ్రేఫ్ ప్రసిద్ధుల చిత్రములను పోలిన కృత్రిమ చిత్రములు వ్రాయును. కార్యదర్శి మోరికూర్ వానిని తన యజమానురాలికి అంటగట్టును. మార్సెలాన్ వలన ఈ గుట్టు బయటపడునని భయపడి వారిరువురును అతనిని కడతేర్చిరి. మెగ్రేతో స్నేహము కలదని చెప్పుకొనిన మాట మార్సెలాన్‌కు మృత్యువయ్యెను. పూర్వము మెగ్రే చూపిన నిజమైన దయ ఈ నకలు లోకమున చెల్లుబడి కాక ప్రాణాంతకమైనది. మెగ్రే ఈ హంతకులయెడ జాలి చూపడు. వారు చదువుకొనినవారు, తెలివిగలవారు, యౌవనవంతులు. హతుడు నీచునిగ జీవించినవాడు. లోకదృష్టికి సానుభూతి ఎవరివైపు మరలవలెనో మెగ్రే సానుభూతి దానికి విరుద్ధముగ మరలుచున్నది.

సిమెనాన్‌ను గూర్చి వ్రాయువారు తఱచుగ ఉదాహరించు సూత్రమొకటి కలదు: అర్థము చేసికొనవలెను కాని తీర్పు చెప్పరాదు అనునది. దీనిని సిమెనాన్ తన జీవితసూత్రముగ గ్రహించినమాట సత్యమే. మెగ్రే నవలలను ఈ సూత్రమునకు వ్యాఖ్యానములుగ భావించుట ఆచారమైనది. మేము దీనితో పూర్తిగ ఏకీభవింపజాలము. ఈ రెండు తీరనవలలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో మెగ్రే తీర్పు చెప్పుచున్నాడనియే తేలును. జాజాను అర్థము చేసికొని విడిచెను. ద గ్రేఫ్, మోరికూరులను అర్థము చేసికొనియే పట్టియిచ్చెను. అర్థము చేసికొనుటవలన తీర్పు తొలగిపోలేదు. తీర్పునకు ఆధారము మాఱినది. చట్టము నేరమును చూచి తీర్పు చెప్పును. మెగ్రే, నేరము చేసినవానికి ఎదుటి మనుష్యుడు ఎంత విలువగలవాడైయుండెనో చూచి తీర్పు చెప్పును. జాజాకు బ్రౌన్ సర్వస్వము. ఆ యువకులకు మార్సెలాన్ అడ్డమువచ్చిన వస్తువు. ఒకటి ప్రేమయొక్క వికృతి, మఱియొకటి ఉపేక్షయొక్క పరాకాష్ఠ. తీరపు ఎండలో పెరిగిన ఉపేక్ష హత్యగ పరిణమించుటను చూపుట రెండవ నవలయొక్క ఘనత.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. బ్రౌన్ యుద్ధకాలమున ఫ్రెంచి గూఢచార శాఖకు తోడ్పడినవాడు కనుక, వ్యవహారమును రచ్చకెక్కనీయవలదని మెగ్రేకు పైనుండి ముందుగనే ఆదేశము కలదు. అట్లగుచో జాజాను విడుచుట కరుణయా, లేక ఆజ్ఞాపాలనమా? ఈ ఆక్షేపణ బలమైనది. దీనిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఆదేశము లేనియెడల మెగ్రే ఏమి చేసియుండెడివాడో నవల చెప్పదు. కాని ఆదేశము కోరినది మౌనమును మాత్రమే. సత్యమును తెలిసికొనుమని కోరలేదు. నిజమునకు ఏమియు తెలిసికొనకుండుటయే ఆ యాదేశమునకు సులభమైన పాలనము. అధికారులు మెగ్రేనుండి కోరినది తీరము అందఱకిచ్చు ఉపేక్షయే. అతడు ఆ ఉపేక్ష నీడలోనే చివరివరకు పోయి సత్యమును సంపాదించి, పిదప మౌనము వహించెను. వెలుపలికి ఫలమొక్కటియే, లోపలి ధర్మము వేఱు. అయితే ప్రభుత్వ సౌకర్యమును, నాయకుని కరుణయు ఒకేచోట కలియుటవలన కరుణకు పూర్తి పరీక్ష జరుగలేదని ఒప్పుకొనవలెను. ఇది ‘లిబర్టీ బార్’ నవలయందలి లోపము. పదునేడు సంవత్సరముల పిమ్మట వెలువడిన నవలయందు, తన దయయే ఒకని మరణమునకు నిమిత్తమైనదను భారమును మెగ్రేపై మోపి, రచయిత ఆ పరీక్షను పూర్తిచేసినట్లు తోచుచున్నది.

రచయిత లోపములు మఱికొన్ని చెప్పక తప్పదు. తీరమునకు వచ్చు పరదేశీయులు అతని నవలలలో తఱచు ఒకే అచ్చున పోసిన బొమ్మలు. ధనికురాలగు పరదేశ వనిత త్రాగుబోతుగను, ఆమెను ఆశ్రయించిన యువకుడు పరాన్నభుక్కుగను కనబడుట ముందుగనే ఊహింపదగియుండును. తీరమున పుట్టి పెరిగి వలలు వేసి జీవించువారు కథాప్రాంతమున నీడలవలె మెలగుదురే కాని వారి దృష్టికి ఎండ ఎట్లుండునో మనకు తెలియదు. మెగ్రే పరాయివాడు, నవల అతని కన్నులతోనే చూచును. ఈ పరిమితిని గ్రహించుటకు జాన్‌క్లోద్ ఇజో 1995 మొదలు 1998 వరకు ప్రకటించిన మూడు మార్సెయ్ నవలలతో పోల్చి చూడవచ్చును. వానిలోని నాయకుడు ఫాబియో మోంతాల్ వలస వచ్చిన ఇటలీవారి సంతతివాడు, ఆ నగరమున పుట్టినవాడు. అతనికి సముద్రము విహారస్థలము కాదు, ఇల్లు. మెగ్రేకు ప్రతివాదియైన ఎండ అతనికి బంధువు. కనుకనే ఇజో నవలలలో దుఃఖము గాఢము. సిమెనాన్ నవలలలో దూరదృష్టి స్ఫుటము. ఒకే తీరము ఇరువురు రచయితలకు రెండు దేశములైనది.

ఇంతవరకు చెప్పినదానివలన తేలిన అంశములు రెండు. మొదటిది: నవలలో దేశము ఉద్దీపనముగ మాత్రమే యుండవలెనను నియమము లేదు; నాయకుని స్వభావమునకు ఎదురునిలిచి, దానిని పరీక్షించు ప్రతివాదిగ కూడ ఉండవచ్చును. దేశౌచిత్యమను భావనను ఈమేరకు విస్తరించుకొనుట ఆధునిక నవలావిమర్శకు మేలు. రెండవది: మెగ్రే కరుణ తీర్పులేని మెత్తదనము కాదు, తెలిసికొనిన పిమ్మట చెప్పిన తీర్పు. ఎండలో నిలిపి చూచినప్పుడే ఈ భేదము బయటపడుచున్నది.

మన భాషయందును అపరాధ పరిశోధక నవలకు విస్తారమైన చరిత్ర కలదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఒక తరము పాఠకులకు చిరపరిచితుడు. యుగంధర్ నివాసమైన మదరాసును సముద్రతీర నగరమే. ఆ నవలలలో నగరమును, సముద్రమును, ఎండయు కథకు తెరలుగ వ్రేలాడుచున్నవా, లేక నాయకునితో ఏమైన వాదించుచున్నవా యను ప్రశ్నను పరిశోధక విద్యార్థులు చేపట్టవలసియున్నది. సమాధానము ఎట్లున్నను, ఆ నవలలను రెండవమారు చదువుటకు అది తగిన హేతువు కాగలదు.